అన్నయ్య సున్నం వేసిన సమాధి

మా ఊరి చరిత్ర రాయమని సంఘ పెద్దలు అడిగినప్పుడు అన్నయ్య ఇంకా బతికే ఉన్నాడు. చర్చి కట్టి వందేళ్లవుతోందని సావనీరు వేస్తున్నారు. అమలాపురంలో ఉద్యోగమంతా చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి గనక ఆ పని నాకు వచ్చింది. "ఊళ్లో పేరున్నవాళ్ల గురించి నాలుగైదు పేజీలు చాలండి మాస్టారూ. ఫొటోలు మేం చూసుకుంటాం" అన్నారు. పేరున్నవాళ్లు ఎవరో కూడా వాళ్లే చెప్పారు.

మా ఊరు రాజోలు దాటాక గోదారి ఒడ్డున ఉంటుంది. ఊరికీ ఏటికీ మధ్య ఏటిగట్టు. గట్టు ఇవతల ఇళ్లు, కొబ్బరి తోటలు, చేలు. గట్టు అవతల, ఏటివైపు, వరదొస్తే మునిగే నేల. చనిపోయినవాళ్లను పూడ్చుకోవడానికి మావాళ్లకు ఇచ్చింది ఆ నేలే. మావాళ్లంటే కామందుల దగ్గర పాలేరుతనం చేసి, తర్వాత క్రైస్తవంలో కలిసి, ఆ తర్వాత చదువుకుని ఉద్యోగాల్లోకి వెళ్లినవాళ్లు. ఊళ్లో పాత కాగితాలంటూ ఏమీ మిగల్లేదు. వరదలకీ చెదలకీ పోయాయి. అందుకని నేను రోజూ సమాధుల తోటకి వెళ్లి అక్కడినుంచే మొదలుపెట్టాను.

మా ఊళ్లో మొదట బాప్తిస్మం తీసుకున్నాయన ఒక పాలేరు. పగలంతా కామందు చేలో పనిచేసి, పొద్దుగూకే వేళ తాటాకులు మోసుకొచ్చి ఒక పాక వేశాడట. అదే మొదటి గుడి. ఆయనకు ఫొటో లేదు. ఆయన సమాధి నా చిన్నప్పుడే ఏట్లో కలిసింది.

తర్వాత ఒక మాస్టారు. ఆయనకో నల్లకోటు ఉండేది. ఆ రోజుల్లో పేటలో ఎవరి పెళ్లయినా పెళ్లికొడుకు ఆ కోటే తొడుక్కునేవాడు. సావనీరు కోసం పాత పెళ్లి ఫొటోలు పోగుచేస్తే మనుషులు మారుతున్నారు గాని కోటు మారలేదు. ఒకడికి మణికట్టు బయటికి వచ్చేసి ఉంటుంది, ఒకడికి వేళ్లు కూడా కనబడవు. మాస్టారి సొంత పెళ్లి ఫొటో మాత్రం దొరకలేదు.

మిషను ఆస్పత్రిలో పని నేర్చుకుని వచ్చిన నర్సమ్మగారు ఇంకొకరు. కామందుల ఇళ్లలో పురుడైతే బండి పంపేవారు. పెరటి గుమ్మం గుండా తీసుకెళ్లి, పని అయ్యాక ఆవిడ కూర్చున్న చోటు కడుక్కునేవారు. ఆవిడ పోయినప్పుడు, ఆవిడ చేతుల్లో పుట్టిన కామందు ఒకాయన గట్టు దాకా వచ్చి, గట్టు దిగకుండా, తలపాగా తీసి కాసేపు నిలబడి వెళ్లిపోయారట. కడుక్కునేవారన్న మాట అచ్చులో రాలేదు. చర్చి వందేళ్ల పండుగ భోజనాలు ఆ ఇంటి మనవడే పెడుతున్నాడు.

తాలూకా ఆఫీసులో హెడ్ గుమాస్తా చేసినాయన బతికుండగానే నల్లరాయితో సమాధి కట్టించుకున్నారు. సాయంత్రాలు దాని మీద కూర్చుని పేపరు చదువుకునేవారు. ఇదేంటండీ అని ఎవరైనా అడిగితే, "ఇల్లు కట్టుకున్నాక అలవాటు పడొద్దా?" అనేవారు. నేను చిన్నప్పుడు ఆయన్ని అక్కడ చూశాను. పేపరు పూర్తయ్యాక రాయిని కండువాతో తుడిచి లేచేవారు.

పేరున్నవాళ్లవి రాతి పలకలు. మిగతావాళ్లవి ఇటుకలతో కట్టి పైన గచ్చు చేసినవి. గచ్చు పచ్చిగా ఉన్నప్పుడే మేకుతో పేరు రాసేవారు.

మా అమ్మది అలాంటిదే. ఊరబెట్టిన కొబ్బరి డొక్కలు కొట్టి పీచు తీసేది. నాన్న నేను పుట్టిన ఏడే పోయాడు. అమ్మ పీచు కొట్టి ఇద్దర్ని పెంచింది, చిన్నవాణ్ణి చదివించింది, జ్వరంతో పోయింది. అప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. గోదారి పొంగి, ఏరు దాటించే పంటు ఆపేశారు. నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. అన్నయ్య నన్ను తోటలోకి తీసుకెళ్లి తడి గచ్చు చూపించి, "ఇక్కడరా" అన్నాడు.

అన్నయ్య కొబ్బరి దింపు కార్మికుడు. మోకాళ్లు పోయేదాకా చెట్లెక్కాడు. నేను పుస్తకాల్లో చదివినవేవీ ఆయనకు అక్కర్లేదు. కానీ ఈస్టరు ముందు శనివారం వచ్చిందంటే పని మానుకునేవాడు. మా సంఘం వాళ్లు ఆ రోజు సమాధులకు సున్నాలు వేస్తారు. ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు పెడతారు. నేను అమలాపురం నుంచి పెందలాడే వచ్చేవాణ్ణి. అన్నయ్య గుల్లసున్నం ముందే నానబెట్టి, నీలిమందు కలిపి ఉంచేవాడు. నీలం ఎప్పుడూ ఎక్కువే పడేది. వేసిన పూట మా అమ్మ సమాధి లేత నీలంగా ఉండేది.

"కొంచెం తక్కువ వెయ్యొచ్చు కదా అన్నయ్యా" అంటే, "ఎండకి నీలం పోద్ది, తెలుపు మిగుల్తది. నీకేం తెలుసు, చాక్‌పీసు తప్ప సున్నం ముట్టుకోనోడివి" అనేవాడు.

ఏటా ఇంకో మాట కూడా అనేవాడు. సమాధి ముందు నిలబడి, కుంచె ముంచక ముందు, చేత్తో తడిమి చూసేవాడు. "చూడరా తమ్ముడూ, నిరుడు వేసిన సున్నం. అన్ని వర్షాలకీ చెక్కుచెదర్లేదు. పక్కోళ్లవి చూడు, పాకుడు పట్టి నల్లగా ఎలా ఉన్నాయో." నిజంగానే చుట్టూ సమాధులు నల్లబడి ఉండేవి. మాది తెల్లగా ఉండేది. అన్నయ్య జీవితంలో గర్వంగా చెప్పుకున్నవి చాలా తక్కువ. అందులో ఇది ఒకటి.

మధ్యలో ఒకసారి పెద్ద వరద వచ్చి తోటంతా ఒండ్రు మేట వేసేసింది. నీళ్లు తీశాక చూస్తే రాతి పలకల అంచులు తప్ప ఏమీ కనబడలేదు. అన్నయ్య పార తెచ్చి కొలత చూసుకుంటున్నట్టు అటూ ఇటూ నడిచి, ఒకచోట తవ్వి ఒక గచ్చు బయటికి తీశాడు. అప్పటికే మీద సున్నం పొరలు పేరుకుని ఉన్నాయి, పేరు కనబడలేదు. "ఇదేనా?" అన్నాను. "అమ్మని నేను మర్చిపోతానా?" అన్నాడు. ఆ తర్వాత నేను మళ్లీ అడగలేదు.

ఏటి కోత మొదలై చాలా ఏళ్లయింది. పాతవాళ్లను అప్పట్లో ఏటికి దగ్గరగా పూడ్చారు గనక పాతవాళ్లే ముందు వెళ్లారు. మొదటి పాలేరు, ఆయన తరం, వాళ్ల పిల్లలు. ఏటా వరద తీశాక వెళ్లి చూస్తే ఒడ్డు ఇంకొంచెం దగ్గరికి వచ్చి ఉండేది. చివరికి పాత తోటలో పూడ్చడం ఆపేశారు. పంచాయతీ వాళ్లు గట్టు ఇవతల, వదిలేసిన రొయ్యల చెరువు పక్కన కొంత జాగా ఇచ్చారు. ఉప్పుపట్టిన నేల. అక్కడ గడ్డి కూడా సరిగ్గా మొలవదు.

అక్కడ మొదట పూడ్చింది అన్నయ్యని. క్రిస్మస్‌కి ముందు పోయాడు. అమలాపురం ఆస్పత్రిలో చివరి రోజుల్లో ఊపిరి అందక మాట ముక్కలుగా వచ్చేది. "కొత్త జాగాలోనే కదరా నన్ను పెడతారు" అన్నాడు. అవునన్నాను. "అక్కడెవరూ లేరు. ఒక్కణ్ణే పెట్టకండిరా. వరదొచ్చేలోగా అమ్మని తెచ్చి పక్కన పెట్టు." సరేనన్నాను. ఆయన పక్కన ఒక మనిషి పట్టేంత చోటు ఉంచమని పాస్టరు అయ్యగారికి చెప్పి ఉంచాను. అన్నయ్య గచ్చు మీద పేరు మేస్త్రి మేకుతో రాశాడు. రాతి పలక పెట్టిద్దామంటే వదిన, "అత్తగారికి లేంది ఈయనకెందుకు?" అంది.

ఆ ఈస్టరుకి నేనొక్కణ్ణే వెళ్లాను. వదిన నీలిమందు కలిపి ఇచ్చింది. అమ్మ సమాధి తెల్లగానే ఉంది. అన్నయ్య నిరుడు వేసిన సున్నం ఆయన కన్నా ఎక్కువ నిలిచిందని అనుకున్నాను. దాని మీదే వేశాను.

ఈస్టరు వెళ్లాక పెద్దలు కూర్చున్నారు. ఆ తోట ఒక్క మా సంఘానిదే కాదు. ఊళ్లో కొద్ది ఇళ్లు కతోలికులవి. పక్క లంకలోని కతోలికులు కూడా, వాళ్ల శ్మశానం ముందే కోతకి పోవడంతో, మా తోటలోనే పూడ్చుకునేవారు. మా అయ్యగారు, వాళ్ల ఫాదరుగారు కలిసి ఒక మాట చెప్పారు. ఎవరి సమాధిని వాళ్లు గుర్తుపట్టి గుడ్డ కట్టాలి. మేస్త్రి తవ్వి, దొరికింది దొరికినట్టు కొత్త కుండలో పెట్టి ఇస్తాడు. కొత్త జాగాలో ప్రార్థన చేసి పూడుస్తారు. వర్షాలు పడేలోగా అయిపోవాలి.

నేను తెల్ల గుడ్డ పట్టుకుని వెళ్లేసరికి అమ్మ సమాధికి అప్పటికే ఒక చీర అంచు కట్టి ఉంది. పక్కన ఒక ముసలావిడ నేల మీద కూర్చుని ఉంది. నాకన్నా పెద్దది.

"ఈ గుడ్డ ఎవరు కట్టారండీ?" అన్నాను.

"నేనే కట్టేనండి. ఏం?"

"ఇది మా అమ్మ సమాధండి, అక్కగారూ."

ఆవిడ నన్నూ సమాధినీ చూసి నవ్వింది. "పొరబడ్డారండి. ఇది మా ఆయనది. పడవ నడపడానికెళ్లి చనిపోయేడు, నాకు పెళ్లయిన నాలుగేళ్లకి. మీరు అటుపక్కది చూసుకోండి."

"అటుపక్క ఏమీ లేదండి. గుంట."

"నేను ఏటేటా లంకలోంచి వచ్చి సున్నం వేస్తన్నానండి. నవంబర్లో, ఆత్మల పండక్కి. వేరేవాళ్లని ముట్టుకోనివ్వను, నా చేత్తోనే."

"ఈస్టరుకి మా అన్నయ్య వేస్తాడు" అన్నాను. వేసేవాడు అనాలని నాకు తోచలేదు.

ఆవిడ సమాధి వైపు చూస్తూ మెల్లిగా అంది. "నేనింకా మా సున్నం మంచిదనుకునేదాన్నండి. వర్షాలకి మిగతాయన్నీ నల్లబడిపోతే ఇదొక్కటే తెల్లగా ఉండేది. మా ఆయన మంచోడు, అందుకే అనుకునేదాన్ని."

వాళ్ల ఆచారం నవంబరు, మా ఆచారం ఈస్టరు. వాళ్లు వచ్చే రోజు మావాళ్లెవరూ తోటలోకి వెళ్లరు. మేం వెళ్లే రోజు వాళ్లుండరు. ఎవరి సమాధులు వాళ్లు చూసుకుంటారు, పక్కది ఎవరిదని అడగరు. ఆ పెద్ద వరద తర్వాత ఒండ్రులోంచి ఇది తవ్వి చూపించింది ఎవరని ఆవిణ్ణి అడిగాను. తన మరిదట. అన్నయ్య తవ్వింది వరద తీసిన కొత్తలో. ఆ మరిది తవ్విందీ ఆ రోజుల్లోనే, తవ్విన చోటుని వానలకి ఒండ్రు మళ్లీ కప్పేసేది. ఎవరు ముందో, ఎవరు రెండోవారో తెలియదు. ఇద్దరికీ ఒకే గచ్చు తగిలింది.

అయ్యగారు మేస్త్రిని పిలిపించారు. "గీకితే తెలుస్తదండి. కింద పేరుంటది కదా" అన్నాడు మేస్త్రి. తాపీ అంచుతో మూల నుంచి మొదలుపెట్టాడు. సున్నం రేకులుగా ఊడింది. ఒక రేకు తెలుపు, ఒక రేకు నీలం, మళ్లీ తెలుపు, మళ్లీ నీలం. నీలంవి అన్నయ్యవి. ఎండకి నీలం పోతుందని అన్నయ్య అన్నది పైపైనే నిజం. లోపల నీలం అలాగే ఉంది, దాని మీద నవంబరులో తెలుపు పడేది, అంతే. ముసలావిడ ఒక రేకు తీసుకుని రెండు వైపులా తిప్పి చూసింది. నేనూ ఒకటి తీసుకున్నాను.

కిందికి వెళ్లేకొద్దీ గచ్చు కూడా సున్నంతో పాటే వచ్చేసింది. మేస్త్రి తాపీ పక్కన పెట్టి చేత్తో దులిపాడు. ఇటుక కనబడింది. అక్షరం అనేది లేదు.

"సున్నం ఎక్కువైపోయిందండి" అన్నాడు. "ఏటా రెండుసార్లంటే గచ్చు ఏం ఆగుద్ది? పట్టు వదిలేసింది. అసలు వెయ్యకుండా వదిలేసుంటే పేరు ఉండేదేమో."

అది నిజమో కాదో చూద్దామని నేను తోటంతా తిరిగాను. పట్టించుకునేవాళ్లు లేక కూలిపోయినవాటిలో కొన్నిటి గచ్చు ముక్కల మీద అక్షరాలు ఇంకా ఉన్నాయి. నాచు తుడిస్తే చదవడానికి వస్తున్నాయి. అవి ఎవరి పేర్లో ఊళ్లో ఎవరికీ తెలియదు. అందులో అమ్మ పేరు లేదు.

తిరిగి వచ్చేసరికి అయ్యగారు ఒక దారి ఆలోచించి ఉంచారు. "ఒకే కుండలో తీసుకెళ్లి, పలక మీద ఇద్దరి పేర్లూ రాయిద్దామండి. దేవుడికి తెలుసు కదా ఎవరో."

"మా ఆయన్ని ఇంకో ఆడమనిషితో కలిపి పెడతారా అయ్యగారూ?" అంది ముసలావిడ. గొంతు పెంచలేదు. మేస్త్రి నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. అయ్యగారు క్షమించమన్నారు. మా అమ్మ కూడా ఒప్పుకునేది కాదు. ఈ సంగతి మాత్రం నాకు ఖాయంగా తెలుసు.

ఆవిడ నా వైపు తిరిగింది. "ఊరి చరిత్ర మీరే రాస్తన్నారంటండి మాస్టారూ. మీ అమ్మగార్ని అందులో రాసుకోండి. నాకు చదువు లేదు. నాకిదే ఉంది."

ఇది మాదేనని ఎవరు ఒట్టు వేసి చెప్పగలరో చెప్పండి అని అయ్యగారు ఇద్దర్నీ అడిగారు. ఆవిడ వెంటనే ఇటుక మీద చెయ్యి పెట్టింది. నాకు అన్నయ్య చెప్పిన మాట తప్ప ఆధారం లేదు. అన్నయ్యకి ఒండ్రులో పార తగిలిన చోటు తప్ప ఆధారం లేదు. ఇలాంటి ఆధారంతో ఏ పిల్లవాడైనా పరీక్షలో రాస్తే మార్కులు తీసేసేవాణ్ణి. చెయ్యి పెట్టలేకపోయాను. నా గుడ్డ జేబులో పెట్టుకున్నాను.

మేస్త్రి తవ్వాడు. నల్లమట్టి తప్ప పెద్దగా ఏమీ లేదు. ఉన్నదాన్ని కుండలో ఎత్తి ఆవిడకి ఇచ్చాడు. ఆవిడ కొంగు కప్పి, ఎవరినీ పట్టుకోనివ్వకుండా గట్టెక్కింది. నేను వెనక నడిచాను. గట్టు మీద నుంచి కొత్త జాగా కనబడుతుంది. అన్నయ్య పక్కన నేను ఉంచమన్న చోటు కనబడుతుంది.

అప్పటినుంచి ఒకటే ఆలోచన. అది ఆవిడ భర్తదే అయితే, ఆ పెద్ద వరద నుంచి పోయేదాకా అన్నయ్య ఎవరో పడవవాడికి సున్నం వేశాడు. అమ్మ పక్కనే గుంటలో, మేం చెప్పులు విడిచిన చోట ఉంది. అది అమ్మదే అయితే, అమ్మ ఇప్పుడు ఇంకొకరి పేరు కింద, అన్నయ్యకి కొద్ది దూరంలో, ఎవరో ఆవిడకి భర్తగా ఉంది. రెండింటిలో ఏది నయమో తేల్చుకోలేకపోయాను. అన్నయ్యని అడగడానికి లేదు. అడిగినా, "నేను మర్చిపోతానా?" అనేవాడు.

శ్రావణంలో ఎర్రనీరు వచ్చింది. గట్టు మీద నిలబడి చూశాం. ఒడ్డు పెళ్లలుగా విరిగి పడింది. హెడ్ గుమాస్తాగారి నల్లరాయిని ముందే క్రేన్ పెట్టి తెచ్చారు. నర్సమ్మగారిదీ, కోటు మాస్టారిదీ తెచ్చారు. మిగతా తోట నీళ్లు తీశాక లేదు.

సావనీరు పని పూర్తి చెయ్యాల్సి వచ్చింది. ముసలావిడ చెప్పినట్టు అమ్మ గురించి రాద్దామని కూర్చున్నాను. నాలుగు వాక్యాలు వచ్చాయి. మిగతావాళ్లందరికీ చివర సమాధి ఎక్కడుందో రాసి ఉంది. అమ్మకి ఆ వాక్యం రాయలేక నాలుగూ కొట్టేశాను. పుస్తకం అందంగా వచ్చిందని అందరూ అన్నారు.

నవంబరులో వదినని చూడ్డానికి వెళ్లి, కొత్త జాగాకి కూడా వెళ్లాను. ఆ రోజు వాళ్ల పండుగ. ముసలావిడ భర్త సమాధికి సున్నం వేస్తోంది. సంచిలో సావనీరు ఉంటే తీసి చూపించాను.

"ఇందులో మా ఆయన ఉన్నాడాండీ?"

"లేరండి."

"మీ అమ్మగారు?"

"లేదండి."

"మరి ఎవరున్నారండీ?"

చదివి వినిపించాను. నర్సమ్మగారి దగ్గర, "ఆయ్, ఆవిడే పోసింది నాకు పురుడు. చెయ్యి బరువు" అంది. కోటు దగ్గర నవ్వింది. "మా పెళ్లికి కూడా తెచ్చేరండి ఆ కోటు. చంకల్లో బిగుసుకుపోయి అన్నం తినలేకపోయేడు." చేతులు కొంగుకి తుడుచుకుని పెళ్లి ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూసింది. ఆయన లేడు. పుస్తకం నాకు ఇచ్చేసింది.

"మీ అన్నగారి పక్కన ఆ ఖాళీ ఎవరికండీ?"

"అమ్మకని ఉంచాం."

ఆవిడ మిగిలిన సున్నం చూసుకుని, బకెట్ తీసుకుని అన్నయ్య దగ్గరికి నడిచింది. "పారబొయ్యడమెందుకు, ఒక పూత వేసేస్తానండి" అంది.

నవంబరులో మాకు సున్నాలు వేసే ఆచారం లేదు. ఆ మాట చెప్పాలి. మేస్త్రి అన్నది కూడా చెప్పాలి. ఆవిడ అప్పటికే వంగి కుంచె ముంచింది. నీలం లేని సున్నం. తలవైపు నుంచి మొదలుపెట్టి, మేకుతో రాసిన అన్నయ్య పేరు మీదుగా, నెమ్మదిగా, పొడుగ్గా వేసుకుంటూ వెళ్లింది. నేను పక్కన నిలబడి చూశాను.